కుంట పురుగు, చెరువు పురుగు

నీళ్ల మీద నడిచే పురుగును మీరంతా చూసే ఉంటారు. కాలువ ఒడ్డునో, పొలంలో నిలిచిన వాన నీటి మీదో, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్లు చాచుకుని, ఒళ్లు తడవకుండా జారుకుంటూ పోతుంది. చూసి వదిలేసి ఉంటారు. నేను వదల్లేదు. ఇరవై ఏళ్లకు పైగా దాని పొట్ట చివరి ముక్కను చూస్తూ కూర్చున్నాను. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నాను. ఇంతకాలం ఏం చూశావమ్మా అని ఎవరైనా అడిగితే, గసగసాల గింజంత ఆ ముక్క గురించే చెప్పాలి. అది కూడా సగమే సరిగ్గా చూశానని చెప్పాలి.

మా వైపు నీళ్లలో ఈ పురుగులు చాలా రకాలున్నాయి. వాటిలో ఒక రెండు జాతులు మాత్రం మనిషిని విసిగించి చంపుతాయి. రెండింటి వీపూ నలుపే. తల వెనక పసుపు మచ్చలు రెండింటికీ ఉన్నాయి. ముందు కాళ్లు పొట్టివి, ఎరను ఒడిసి పట్టడానికి. నడిమి కాళ్లతో నీటిని తోసుకుంటాయి, వెనక కాళ్లతో దారి మళ్లించుకుంటాయి. ఇందులో ఏ తేడా లేదు. పొడుగు కొలిచి చెబుదామంటే ఒక జాతిలో చిన్నవి, రెండో జాతిలో పెద్దవి ఒకే కొలత దగ్గరకొచ్చి ఆగుతాయి. రెక్కలు చూసి చెబుదామంటే అది ఇంకా పెద్ద బురిడీ. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నేను రెక్కలున్నవన్నీ ఒక సీసాలో, లేనివన్నీ ఇంకో సీసాలో వేసి, రెండు జాతులూ విడదీసేశానని సంబరంగా మా గైడు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన రెండు సీసాలూ వెలుతురుకు పెట్టి చూసి, "గొడుగున్న వాళ్లది ఒక ఊరు, గొడుగు లేని వాళ్లది ఇంకో ఊరు అంటావా అమ్మా?" అన్నారు. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన వాటిలో కొన్నిటికి రెక్కలొస్తాయట, కొన్నిటికి రావట. ఆ రోజు సిగ్గుతో బస్సు దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చాను.

కచ్చితంగా చెప్పాలంటే మగ పురుగే కావాలి. దాన్ని స్పిరిట్‌లోంచి తీసి, గాజు పళ్లెంలో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట చివరి ఖండాన్ని సూదితో కొంచెం బయటికి లాగాలి. దీపం ఎడమ పక్క నుంచి పడాలి. నేరుగా పడితే ఏమీ కనబడదు. అప్పుడు ఒక జాతిలో ఆ ఖండం కింది అంచు తిన్నగా గీత గీసినట్టుంటుంది. రెండో జాతిలో సరిగ్గా మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది. అంతే తేడా. ఆ నొక్కు కోసం నా కళ్లు కాయలు కాశాయి. అంచు తిన్నగా ఉన్నది నిలవ నీళ్లలో, చిన్న చిన్న కుంటల్లో ఎక్కువ. నొక్కున్నది పెద్ద చెరువుల్లో, విశాలమైన నీళ్లలో ఎక్కువ. వాటి లాటిన్ పేర్లు ఎవరికి కావాలి? నేను కుంట పురుగు, చెరువు పురుగు అనుకునేదాన్ని.

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నది ఒకే ఒక్క కుంట. మా అన్నయ్య వాళ్ల ఊరికీ పక్క ఊరికీ మధ్య, మిరప చేల నడుమ ఉంటుంది. పత్తికీ మిరపకూ మందు కొట్టేవాళ్లు నీళ్లు తోడుకునేది దాంట్లోనే. రెండేళ్ల పాటు నెలకొక్కసారి అక్కడ పురుగులు పట్టి, ఏ నెలలో ఏ జాతి ఉందో చూడాలి. ఇరవై నాలుగు సీసాలు. వినడానికి ఎంత తేలిక! నేను అప్పటికే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో చంటిపిల్ల. వానాకాలమంతా నేనే వెళ్లాను, బురదలో చెప్పులు పోగొట్టుకున్నాను, జలగలు పీకించుకున్నాను. కానీ ఫిబ్రవరి వచ్చేసరికి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు మొదలవుతాయి. ఏప్రిల్ చివరి దాకా తల ప్రాణం తోకకొస్తుంది. ఆ మూడు నెలల సీసాల బాధ్యత మా వదిన మీద పెట్టాను.

మా వదినంటే మా అన్నయ్య భార్య. మిరప కోతకు వెళ్లే ఆడవాళ్ల ముఠాకు పెద్ద ఆవిడే. పొద్దున్నే పదిహేను మందిని ఆటోలో కుక్కుకుని, ఏ చేలో కాయ పండితే ఆ చేనుకు తీసుకెళ్లేది. ఎకరాల కొద్దీ ఎర్రగా ఉన్న చేలో వంగి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోసేవాళ్లు. బడికి రెండో క్లాసు దాకా వెళ్లింది, సంతకం చేయడం వచ్చు, అంతకు మించి రాయదు. కానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. నేను పురుగుల మీద చదువుతున్నానని తెలిసిన రోజున, "ఇన్నేళ్లు చదివి ఆఖరికి పురుగుల దగ్గరకొచ్చావా అమ్మాయ్? అవి మా చేలో చదువు లేకుండానే దొరుకుతాయిగా!" అని వీధంతా వినబడేలా నవ్వింది. ఆ నవ్వుతోనే టీ వడగట్టే జాలికి వెదురు కర్ర కట్టి, నేను చూపించినట్టు పట్టడం నేర్చుకుంది. నాకంటే బాగా పట్టేది కూడా.

స్పిరిట్ పోసిన సీసాలిచ్చాను. లేబుళ్లు కూడా ఇచ్చాను. లేబులంటే వేలి గోరంత కాగితం. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది కాబట్టి పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు, ఎవరు పట్టారు. మూడు వరుసలు. మా వదిన రాయలేదు గదా, అందుకని నేనే ముందే రాసి పెట్టాను. ఎక్కడ అన్నచోట కుంట పేరు, ఎప్పుడు అన్నచోట నెల, ఎవరు అన్నచోట నా పేరు. పురుగు ఇంకా నీళ్ల మీద తిరుగుతుండగానే దాని చిరునామా రాసేసి చేతులు దులుపుకున్నాను. అలసట అలాంటిది. చేసిన పని తప్పని అప్పుడు తోచలేదు.

సీసాలు ఠంచనుగా వచ్చేవి. ఏ నెలా తప్పలేదు. ఒకసారి మార్చి సీసాలో పురుగులతో పాటు మల్లెపూ రేక ఒకటి తేలింది. సన్న పటకారులాంటి శ్రావణంతో తీసి పారేశాను. సీసాలోని మగ పురుగులను ఒక్కొక్కటే వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే, అన్నిటికీ చివరి అంచున నొక్కుంది. ఫిబ్రవరి, ఏప్రిల్ సీసాల్లోనూ అంతే. రెండో ఏడాదీ అంతే. మిగతా తొమ్మిది నెలలూ కుంటలో కుంట పురుగులే ఉన్నాయి, మిరప కోత నెలల్లో మాత్రం అన్నీ చెరువు పురుగులే! నా ఆనందానికి హద్దుల్లేవు. ఎండలకు కుంటలో నీళ్లు తగ్గగానే ఒక జాతి తప్పుకుంటుందనీ, రెండో జాతిలో రెక్కలున్నవి ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఆ చోటు తీసుకుంటాయనీ రాశాను. థీసిస్‌లో మిగతా రెండొందల పేజీలూ ఎవరైనా రాయగలిగినవే. ఆ ఒక్క ముక్కే నాది. ఒక పత్రికలో అచ్చయింది. తర్వాత వేరే వాళ్ల వ్యాసాల్లో నా పేరు బ్రాకెట్లో కనపడినప్పుడల్లా, ఆ పూట కూర మాడినా ఎవర్నీ ఏమీ అనేదాన్ని కాదు.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటుంటుంది. దాంట్లో గైడు గారి పేరు, మా ఆయన పేరు, మా వదిన పేరు రాశాను. అన్నయ్య ఆ పేజీ జిరాక్స్ తీయించి, వదిన పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, లామినేషన్ చేయించి గోడకు కొట్టాడు. చర్చి వాళ్లిచ్చే వాక్యాల క్యాలెండర్లు ఏటా మారాయి గానీ, దాని పక్కనున్న ఆ కాగితం మారలేదు. అంతా ఇంగ్లీషు. అయినా ఎవరొచ్చినా మా వదిన సరిగ్గా ఆ గీత మీద వేలు పెట్టి, "ఇది నేనే. ఈ అమ్మాయి డాక్టరయింది నా పురుగులతోనే" అని చెప్పేది. ముఠాలో కొత్తగా చేరిన వాళ్లకు ఆ కాగితం చూపించడం ఒక తంతు.

ఇదంతా పాత కథ. మొన్నటి ఏడాది దాకా అలాగే ఉంది.

ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలందరూ ప్రాజెక్టు చేయాలి. చాలామంది సీనియర్ల ఫైలు తెచ్చి అట్ట మారుస్తారు. పత్తి చేలకు వెళ్లే ఇంటి పిల్ల ఒకమ్మాయి మాత్రం నా దగ్గరకొచ్చి, "మేడం, మీ కుంటలోనే మళ్లీ చేస్తాను" అంది. మెల్లగా మాట్లాడే పిల్ల, చేతి రాత ముత్యాల్లా ఉండేది. ఎవరో ఒకరు నా దారిలో వస్తున్నారని మనసులో పొంగిపోయాను. పురుగును తిప్పి పడుకోబెట్టడం, సూదితో లాగడం, దీపం ఎడమ పక్కకు పెట్టడం దగ్గరుండి నేర్పాను.

మార్చిలో తన సీసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మేడం, రెండు నెలల్లోనూ నొక్కున్నది ఒక్కటీ లేదు. అన్నీ తిన్నటి అంచువే" అంది.

"సరిగ్గా చూసి ఉండవు."

"చూశాను మేడం. మూడుసార్లు చూశాను."

"అయితే ఆడవాటిని చూసి ఉంటావు. లేకపోతే వేరే గుంటలో పట్టి ఉంటావు. చేనంతా తిరిగే ఓపిక లేక రోడ్డు పక్కన పట్టుకొచ్చి కుంట పేరు రాస్తారు మీరు. నాకు తెలియదా?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ పట్టుకురమ్మన్నాను. మళ్లీ తెచ్చింది. మళ్లీ అన్నీ తిన్నటి అంచువే. నేను కూడా చూశాను, నిజమే, తిన్నగానే ఉంది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. సంతకం పెట్టలేదు. నా సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ చేతికి రాదు, పీజీలో చేరాలనుకున్న ఆ పిల్లకు ఏడాది పోతుంది. ఇదంతా తెలిసే పెట్టలేదు. ఆ ఒక్క ముక్క కూడా నాది కాదంటే ఇక నాకు మిగిలేదేమిటన్న భయం. ఆ భయానికి పట్టుదల అని పేరు పెట్టుకున్నాను.

చివరికి ఆ పిల్లకు అసలు చోటు చూపించమని మా వదిననే అడిగాను. వదినకు ఇప్పుడు అరవై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. అయినా కోత మానలేదు. మేము వెళ్లేసరికి సాయంత్రం అయిదయింది. ముఠా అప్పుడే పని ముగించి కుంట గట్టు మీదికొస్తోంది. ఆడవాళ్లందరి చేతులూ ముంజేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి.

"వదినా, అప్పుడు నువ్వు సరిగ్గా ఎక్కడ పట్టేదానివో ఈ అమ్మాయికి చూపించు" అన్నాను.

"ఉండమ్మాయ్, చేతులు కడుక్కోనీ. మండిపోతన్నాయి" అంటూ వదిన నీళ్లలోకి వంగింది. ఆమె పక్కనే మిగతా వాళ్లూ వరుసగా వంగారు. పదిహేను మంది, ముప్పై చేతులు. కాయ కోసేటప్పుడు చేతులు మండకుండా పొద్దున్నే ఆముదం పట్టించుకుంటారు. గ్లవుజులు ఇచ్చినా కాయ తొడిమ అందడం లేదని తీసి చెట్టుకు తగిలిస్తారు. ఆ ఆముదమంతా నీళ్లలోకి దిగింది. ఒడ్డు వెంబడి రంగురంగుల పొర ఒకటి మెల్లగా లోపలికి పాకింది.

అప్పటి దాకా ఒడ్డున తిరుగుతున్న పురుగులు ఒక్కసారిగా కుంట నడిమికి పారిపోయాయి. ఒకటి మాత్రం ఆలస్యం చేసింది. నూనె పొర దాన్ని తాకగానే నడిమి కాళ్లు నీళ్లలోకి దిగబడ్డాయి. పొట్ట తడిసింది. నీటి మీద తప్ప నీటిలో బతకడం తెలియని పురుగు అది. నాలుగుసార్లు కొట్టుకుని మునిగిపోయింది. ఇరవై ఏళ్లలో అలాంటిది నేను చూడలేదు. చూడాలంటే కోత వేళకు అక్కడ ఉండాలి గదా, నేను ఎప్పుడున్నాను?

"చూశావా, ఆగవు" అంది వదిన, చేతులు దులుపుకుంటూ. "మా చేతులు పడితే ఇంక అవి ఈ పక్కకు రావు. అప్పుడూ ఇంతే. ఆ జాలికి కూడా నూనె అంటుకునేది. మూడు నాలుగు రోజులు గట్టు మీద కూర్చున్నా ఒక్కటి దొరకలా."

"మరి సీసాలు నింపావుగా?"

"నింపకుండా ఎట్టా? నువ్వు అడిగావు గదా. ఆదివారం పట్టేదాన్ని. చర్చి అయిపోయాక, వెనక మంచినీళ్ల చెరువు మెట్ల మీద. ఆ రోజు కోత ఉండదు, చేతులు శుభ్రంగా ఉంటాయి. ఆ చెరువులో బోలెడు. జాలి ముంచితే చాలు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్పడానికేముంది? పురుగు పురుగే గదా. నీకేమో పరీక్షలు, ఇంట్లో చంటిది, నిన్నెందుకు కంగారు పెట్టడం?" అని, నా ముఖం చూసి, "ఏం, అవి మంచివి కాదా?" అంది.

మంచివేనని చెప్పాను. పక్కన నిలబడ్డ పిల్ల అంతా విన్నది. నా వంక చూడకుండా నీళ్ల వంకే చూస్తూ ఉండిపోయింది. తన సీసాల్లోవి తను చేతులు కడుక్కుని, పొద్దున్నే, ముఠా రాకముందు పట్టినవట. ఆ మాట తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను అడిగితే గాని చెప్పలేదు. అంతకు ముందు నేనసలు అడగలేదు.

మర్నాడు కాలేజీలో పాత బీరువా తీసి ఆ ఆరు సీసాలు బయట పెట్టాను. ఆరింటిలోనూ ఒక్క కుంట పురుగు కూడా లేదు. నిజంగా ఒక జాతి పోయి ఇంకో జాతి వస్తే నడుమ కొన్నాళ్లు రెండూ కలిసి ఉండాలి గదా. ఆ మాత్రం నాకు అప్పుడెందుకు తట్టలేదు? ఆ మల్లెపూ రేక గుర్తొచ్చింది. మా వదిన పూలు పెట్టుకునేది ఆదివారం ఒక్కరోజే. మిరప చేలోకి ఎవరు మల్లెపూలు పెట్టుకుని వెళ్తారు? ఆ నిజం నా శ్రావణం చివరికే వచ్చింది, నేనే తీసి పారేశాను. పొట్ట చివరి నొక్కును చూడటం నేర్చుకున్నదాన్ని, దాన్ని పట్టిన మనిషి చేతులు చూడటం నేర్చుకోలేదు. ఆ రోజు బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, అలసటే వచ్చింది.

ఎవరికీ చెప్పకపోయినా జరిగిపోయేది. ఆ కుంటను మళ్లీ చూసేవాళ్లెవరు? రిటైరయ్యాక నా పేరు ఆ బ్రాకెట్లో అలాగే ఉండేది. కానీ ఆ పిల్ల ఫైలు నా బల్ల మీదే ఉంది. దాంట్లో ఉన్నది నిజం, నా థీసిస్‌లో ఉన్నది అబద్ధం. ఆ పిల్లను పిలిచి సంతకం పెట్టాను. "నేను నిన్ను అన్న మాటలు తప్పమ్మా" అన్నాను. "పర్లేదు మేడం" అంది గాని, ముఖం చూస్తే పర్లేదనిపించలేదు. ఆ వారంలోనే నా వ్యాసం వేసిన పత్రికకు ఒక పేజీ ఉత్తరం రాశాను. మూడు నెలల ఫలితాలు వేరే చెరువువి, పొరపాటు నాది అని. ఇంతవరకు జవాబు లేదు.

ఇక మిగిలింది మా వదిన. ఆవిడకు చెప్పకుండా ఉండొచ్చు. గోడ మీద కాగితానికి ఏమీ కాదు. కానీ లేబుళ్లు మార్చాలంటే ఏ ఆదివారాలు పట్టిందో, ఏ మెట్టు దగ్గర పట్టిందో ఆవిడే చెప్పాలి. రెండు ఆదివారాలు ఏదో వంక పెట్టి మానేశాను. మూడో ఆదివారం బయల్దేరి, మొదట ఆ చెరువు దగ్గరకే వెళ్లాను. ఇప్పుడు దానికి నాలుగు వైపులా సిమెంటు వేశారు, చుట్టూ ఇనుప కంచె వేశారు, మెట్లు కూడా లేవు. కావలి మనిషిని బతిమాలి లోపలికెళ్లి గంటన్నర చూశాను. నీళ్ల మీద ఏమీ లేదు. ఆ పిల్ల కూడా అంతకు ముందే రెండుసార్లు వెళ్లి చూసిందట, తనకూ ఏమీ కనబడలేదట.

అక్కడి నుంచి సీసాల డబ్బా పట్టుకుని వదిన ఇంటికెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తలలో పూలు వాడలేదు. మంచం మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. రెండు పురుగులూ ఒకటి కాదని, ఒకదానికి నొక్కు ఉందని, నేను రాసింది తప్పని, ఆ తప్పు ఎలా వచ్చిందో కూడా చెప్పాను. మధ్యలో ఒక్క హాస్యం ఆడలేదు మా వదిన. దానికే నాకు భయమేసింది.

అంతా విని గోడ వైపు చూసింది. "అయితే ఆ కాయితం తీసెయ్యాలా?" అంది.

"ఎందుకు తీయాలి? నువ్వు పట్టింది నిజమే గదా. నువ్వు పట్టకముందే లేబులు రాసింది నేను. తప్పు నాది" అన్నాను.

"నేను ఒక్క మాట చెప్పుంటే పోయేది."

"నేను ఒక్క మాట అడిగుంటే పోయేది."

డబ్బాలోంచి ఒక సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆ చెరువులో ఈ పురుగు ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి లోకంలో ఈ ఆరు సీసాలే ఉన్నాయని చెప్పాను. అప్పట్లో నేను వల పట్టుకుని తాగే నీళ్లలోకి దిగితే ఊరు ఊరంతా గోల చేసేది. మా వదిన టీ జాలితో వంగితే ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఆ చెరువు పురుగులను పట్టినవాళ్లు ఇంకెవరూ లేరు.

వదిన సీసాను గుమ్మం వెలుతురుకు పెట్టి చూసింది. "ఇప్పుడు లేవా అక్కడ?"

"లేవు. ఇందాకే చూసొచ్చాను."

"చెప్తే ఇంకో నాలుగు పట్టేదాన్నిగా అమ్మాయ్" అంది. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

కొత్త లేబుళ్లు తీశాను. చెరువు పేరు రాశాను. ఏ నెల మొదటి ఆదివారమో, రెండో ఆదివారమో ఆవిడ గుర్తు చేసుకుని చెప్పింది. ఒకటి ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారమని ఒట్టేసి చెప్పింది. మూడో వరుస దగ్గర ఆగి పెన్సిల్ ఆవిడకిచ్చాను. "ఇక్కడ పట్టినవాళ్ల పేరు రాయాలి" అన్నాను.

"పాతదాంట్లో ఎవరి పేరుంది?"

"నాది."

"నీదా!" అంది వదిన. అప్పటికి గాని ఆవిడ గొంతు మామూలు గొంతు కాలేదు. "ఏనాడైనా ఆ చెరువు మెట్టు దిగావా నువ్వు? సిగ్గు లేకపోతే సరి."

వదిన పంపు దగ్గరకెళ్లి సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఏళ్ల తరబడి మిరప కోసిన వేళ్లు, సన్న పెన్సిల్ వాటిలో సరిగ్గా నిలవలేదు. మొదటి లేబుల్ మీద పేరులో సగమే పట్టింది. నేను ఇంకాస్త పెద్ద కాగితాలు కత్తిరించాను. ఒక్కో అక్షరం రాసి, తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ రాసింది. ఆరూ రాయడానికి చాలాసేపు పట్టింది.

ఒక్కొక్కటే సీసాల్లో వేసి మూతలు బిగించాను. వదిన దగ్గరగా చూసి, "నీ పేరున్నదీ లోపలే ఉందిగా. దాన్ని తీసెయ్" అంది.

"తీయకూడదు వదినా. పాత లేబులు పారేయకూడదు. తప్పు ఎవరు రాశారో కూడా తర్వాత వాళ్లకు తెలియాలి" అన్నాను.

అది ఆవిడకు న్యాయంగానే తోచినట్టుంది. ఆరు సీసాలూ కిటికీ గట్టు మీద వరుసగా పెట్టి, ఒక్కొక్కదాన్ని తిప్పి, తన పేరు ఇటువైపు కనపడేలా సర్దింది.